గాలి లేదని ఈ.కోలికి ఎలా తెలుస్తుంది?

మన పెద్దపేగులో ఉండే ఈ.కోలి అనే బ్యాక్టీరియా ఆక్సిజన్ ఉన్నా బతుకుతుంది, లేకున్నా బతుకుతుంది. కానీ ఆ రెండు బతుకులకూ కావలసిన ఎంజైములు వేరు. అన్నీ ఎప్పుడూ తయారుచేసుకుంటూ ఉంటే శక్తి దండగ. అందుకే గాలి తగ్గగానే ఏ జన్యువును ఆపాలో, దేన్ని తెరవాలో అది వెంటనే తేల్చుకోవాలి.

ఇందులో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఎఫ్‌ఎన్‌ఆర్ అనే ప్రొటీన్ పనితీరు. 250 అమైనో ఆమ్లాల ఈ గొలుసులో 20, 23, 29, 122 స్థానాల సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) నాలుగు ఇనుము, నాలుగు గంధకం పరమాణువుల గుత్తిని పట్టుకుని ఉంటాయి. గుత్తి చెదరనంత సేపూ రెండు ఎఫ్‌ఎన్‌ఆర్‌లు జతకట్టి డీఎన్‌ఏ మీద కూర్చుంటాయి, నైట్రేట్‌తో శ్వాసించే జన్యువులను తెరుస్తాయి. ఆక్సిజన్ తగిలితే గుత్తిలో రెండు ఇనుములు, రెండు గంధకాలే మిగులుతాయి. జత విడిపోతుంది, డీఎన్‌ఏ మీద పట్టు తప్పుతుంది. కణంలో ఎఫ్‌ఎన్‌ఆర్ మొత్తం మాత్రం గాలి ఉన్నా లేకున్నా దాదాపు ఒకటే. మారేది దాని రూపం.

గాలి కబురు చెప్పే మరో ప్రొటీన్ ఆర్క్‌బి. దాని దారి వేరు. అది ఆక్సిజన్‌ను నేరుగా పసిగట్టదు, పొరలో ఎలక్ట్రాన్లు మోసే క్వినోన్లను గమనిస్తుంది. గాలి ఉన్నప్పుడు క్వినోన్లు బరువు దించుకుని ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ క్వినోన్లు ఆర్క్‌బిలోని 180, 241 సిస్టీన్లను గంధకాల మధ్య ఏర్పడే డైసల్ఫైడ్ బంధాలతో బిగించేస్తాయి. గాలి పోతే బిగింపు వదులుతుంది. అప్పుడు కణానికి శక్తినిచ్చే అణువు ఏటీపీ నుంచి అందిన ఫాస్ఫేట్ ఆర్క్‌బిలోనే మూడు చోట్లు మారి, దాని జోడీ ప్రొటీన్ ఆర్క్‌ఏలోని 54వ అమైనో ఆమ్లం ఆస్పార్టేట్ మీదికి చేరుతుంది. ఆర్క్‌ఏ వెళ్లి గాలి ఉన్నప్పుడు ఆహారం నుంచి శక్తి తీయడానికి వాడే క్రెబ్స్ చక్రం జన్యువులను అణచిపెడుతుంది.

గాలి లేనప్పుడు పైరువేట్‌ను విడగొట్టే ఎంజైము పైరువేట్ ఫార్మేట్ లయేజ్ కథ ఇంకా తెగువతో కూడినది. మరో ఎంజైము దాని 734వ అమైనో ఆమ్లం గ్లైసిన్ నుంచి ఒక హైడ్రోజన్‌ను లాగేసి రాడికల్‌ను (జత లేని ఎలక్ట్రాన్‌ను) మిగిల్చితేనే అది పనిచేస్తుంది. గాలి సోకితే గొలుసు సరిగ్గా అక్కడే తెగుతుంది.

ప్రయోగాల్లో తరచూ జరిగే పొరపాటు జీఎఫ్‌పీతో, అంటే జన్యువు తెరుచుకుందని చూపడానికి తగిలించే ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్‌తో వస్తుంది. ఆ ప్రొటీన్ మెరవాలంటే దానికే ఆక్సిజన్ కావాలి. గాలి లేని గొట్టంలో మెరుపు కనిపించకపోతే జన్యువు ఆగిందని అనుకోకూడదు. ఆక్సిజన్ అక్కరలేని బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైముతో కొలవడం మేలు, ఎప్పుడూ తెరిచి ఉండే ప్రమోటర్‌ను (జన్యువును తెరిచే డీఎన్‌ఏ మీటను) పోలికకు పక్కన పెట్టుకోవాలి.

దీనికి తిరగబడిన తప్పూ ఉంది. 25 డిగ్రీల నీటిలో కరిగే ఆక్సిజన్ లీటరుకు 8 మిల్లీగ్రాములే. చిక్కగా పెరిగిన కణాలు దాన్ని కొద్ది నిమిషాల్లో వాడేస్తాయి. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్లు మించి పోసి ఊపితే, గాలి ఉందనుకున్న నమూనాలోనే ఎఫ్‌ఎన్‌ఆర్ జతకట్టి ఉండవచ్చు.