ఆటిజం ఉన్నవాళ్ల ఉద్యోగాలు: జాబ్ కోచ్‌గా నేను రోజూ వినే అపోహలు, అసలు జరిగేది

నేను జాబ్ కోచ్‌ని. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్నవాళ్లకి ఉద్యోగం వెతకడం, చేరాక పక్కనే ఉండి పని నేర్పించడం, ఆ తర్వాత మెల్లగా పక్కకి తప్పుకోవడం, ఇదీ నా పని. ఈ మూడోదే నాకు అన్నిటికన్నా కష్టం, దాని గురించి చివర్లో చెప్తా. పేరెంట్స్ దగ్గర, హెచ్ఆర్ వాళ్ల దగ్గర, ఒక్కోసారి మా ఫీల్డ్‌లోవాళ్ల దగ్గర కూడా రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి, విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది కాబట్టి ఒకేచోట రాసేస్తున్నా.

అపోహ: ముందు ట్రైనింగ్ ఇచ్చి రెడీ చేద్దాం, ఉద్యోగం సంగతి తర్వాత

ఈ "రెడీ" అనేది ఎప్పటికీ రాదండీ. 20 ఏళ్లకి ట్రైనింగ్ సెంటర్‌లో చేరి 35 వచ్చినా ఇంకా కవర్లు అంటిస్తూనే ఉన్నవాళ్లని చూశా నేను. పైగా ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట వాడటం చాలామందికి కష్టం, సెంటర్‌లో టేబుల్ తుడవడం వచ్చినంత మాత్రాన రెస్టారెంట్‌లో టేబుల్ తుడవడం వచ్చేసినట్టు కాదు, అది వాళ్లకి వేరే టేబుల్, వేరే గుడ్డ, వేరే గోల. అందుకే 1980ల నుంచి ఈ పద్ధతి తిరగేశారు. ముందు నిజమైన ఉద్యోగంలో పెట్టు, అక్కడే నేర్పించు. సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అంటారు దీన్ని.

1996లో అమెరికాలో సిన్సినాటి పిల్లల హాస్పిటల్‌లో ప్రాజెక్ట్ సెర్చ్ అని ఒకటి మొదలైంది. జాలితో మొదలైంది కాదు అది, ఎమర్జెన్సీలో సామాన్లు సర్దిపెట్టే పనికి ఎవరూ నిలవట్లేదు, వచ్చినవాళ్లు వచ్చినట్టే మానేస్తున్నారు, ఆ పని మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్లు చేయగలరు కదా అని అక్కడి నర్సింగ్ హెడ్‌కి తట్టింది. చదువులో చివరి ఏడాది క్లాస్‌రూమ్‌నే హాస్పిటల్‌లోకి తెచ్చేసి, ఏడాదిలో 3 డిపార్ట్‌మెంట్లలో పని చేయించడం దాని పద్ధతి, ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది.

అందరితో కలిసి మామూలు చోట పని చేసుకోవడం హక్కు అని వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి చేసిన 2006 ఒప్పందంలో 27వ ఆర్టికల్ చెప్తుంది, అంటే ఇది మనం చేసే మేలేమీ కాదు.

అపోహ: మేధో వైకల్యం ఉంటే తేలిక పనులే ఇవ్వాలి

1970ల మొదట్లో మార్క్ గోల్డ్ అనే ఆయన, "వీళ్లకి ఏమీ రాదు" అని పక్కన పెట్టేసినవాళ్లకి 15 భాగాలున్న సైకిల్ బ్రేక్ బిగించడం నేర్పించి చూపించాడు. పెద్దగా మాటలు కూడా వాడలేదు, చేసి చూపించడం, చెయ్యి పట్టి చేయించడం అంతే. నేర్చుకోలేకపోతే నేర్పే పద్ధతి మార్చు అనేది ఆయన మాట సారం, మా ఫీల్డ్ అంతా ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది.

ఒకమ్మాయి హోటల్ లాండ్రీలో చేరింది, పని బెడ్‌షీట్లు మడతపెట్టడం. ముందు నేనే ఒక 30 షీట్లు మడతపెట్టి ఏం చేస్తున్నానో రాసుకుంటే 14 స్టెప్పులు తేలాయి. ఆ అమ్మాయి 13 బాగానే చేస్తోంది, ఒక్కదాని దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతోంది, "పొడుగు వైపు పట్టుకో" అన్న చోట. ఏది పొడుగో అంత పెద్ద గుడ్డలో ఎలా తెలుస్తుంది చెప్పండి, నాకూ మొదటి రోజు తెలీలేదు. టేబుల్ మీద ఒక చివర నీలం టేప్, ఇంకో చివర నీలం టేప్ అంటించాం, షీట్ రెండు టేపులనీ అందుకుంటే అదే పొడుగు వైపు. అంతకుముందు రెండు వారాలు "ఈ అమ్మాయికి ఈ పని రాదు" అన్న సూపర్‌వైజర్ ఇప్పుడు కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఆ టేపులే చూపిస్తోంది.

అపోహ: ఆటిజం అంటే కంప్యూటర్లలో జీనియస్సే

కొందరు అవును, చాలామంది కాదు. 2004లో డెన్మార్క్‌లో థోర్కిల్ సోన్ అనే ఆయన, కొడుక్కి ఆటిజం అని తెలిశాక, ఆటిజం ఉన్నవాళ్లతో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేయించే స్పెషలిస్టర్న్ కంపెనీ పెట్టాడు. తర్వాత పెద్ద పెద్ద ఐటీ కంపెనీలు కూడా అలాంటి ప్రోగ్రాంలు పెట్టాయి, మంచిదే, కానీ దాంతో ఆటిజం అనగానే కోడింగ్ అనేసే అలవాటు కూడా వచ్చింది. నా దగ్గరికొచ్చే వాళ్లలో మొక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లున్నారు, లైబ్రరీలో పుస్తకాలు సర్దడం తప్ప ఇంకేం వద్దనేవాళ్లున్నారు. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం గురించి రాసిన పేపర్లో మొదటి కేసు డొనాల్డ్ ట్రిప్లెట్, ఆయన పెద్దయ్యాక సొంత ఊళ్లో బ్యాంకులో చేరి 60 ఏళ్లకి పైగా పనిచేశాడు, 2023లో చనిపోయాడు. ఆ ఊరు ఆయన్ని ఆయనలాగే ఉండనిచ్చింది, నాకైతే ఆయన కథలో అన్నిటికన్నా అదే ముఖ్యం అనిపిస్తుంది.

అపోహ: ఇంటర్వ్యూలో మాట్లాడలేకపోతే పని ఎలా చేస్తాడు

ఇంటర్వ్యూ అనేది ఇంటర్వ్యూ బాగా చేసేవాళ్లని ఏరే పరీక్ష. "మీ గురించి చెప్పండి" అంటే పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టాలా, నిన్నటి సంగతి చెప్పాలా? నేను హెచ్ఆర్ వాళ్లని అడిగేది ఒక్కటే, రెండు రోజులు పని ఇచ్చి చూడండి. అదీ కుదరదంటే ప్రశ్నలు ముందు రోజు పంపించండి. కళ్లలోకి చూడట్లేదని మార్కులు తీసేసే ఆ గడి ఏదైతే ఉందో దాన్ని మాత్రం కొట్టేయండి బాబూ.

అపోహ: చెప్పింది వినరు, మొండివాళ్లు

దీని మీద కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే నేను చూసినంతలో ఉద్యోగాలు పోయేది పని రాక కాదు, ఎక్కువగా ఇక్కడే.

గోడౌన్‌లో ఒక కుర్రాడు. సూపర్‌వైజర్ "ఆ బాక్సుల సంగతి కాస్త చూడు" అని వెళ్లిపోయాడు. అరగంట తర్వాత వచ్చేసరికి వీడు బాక్సుల ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏం చేస్తున్నావ్ రా?" "చూస్తున్నా సార్." ఆయనకి వెటకారంలా అనిపించి అక్కడికక్కడే నాకు ఫోన్, మీవాడు నన్ను ఎగతాళి చేస్తున్నాడు అని. కుర్రాడికేమో చెప్పింది చేశాక కూడా ఎందుకు తిట్టారో అర్థం కాక ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మన మాటలు ఒకసారి గమనించండి, వీలైతే చెయ్యి, ఇప్పుడే వస్తా, రెండు నిమిషాల్లో చూద్దాం, ఇందులో ఒక్కటైనా మనం అన్నదే అర్థమా? "12 బాక్సులు, 3 గంటలలోపు, రెండో ర్యాక్‌లో" అని రాసిచ్చాక ఆ గొడవ మళ్లీ రాలేదు. డేమియన్ మిల్టన్ అని, ఆయనకే ఆటిజం ఉంది, 2012లో ఇదే రాశాడు, అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు లోపం కాదు, వాళ్లకి మనం ఎంత అర్థం కామో మనకి వాళ్లూ అంతే అని.

ఇంకొకాయన స్కానింగ్ పనిలో ఏడాదిగా బాగా చేస్తున్నాడు, ఉన్నట్టుండి మధ్యాహ్నాలు చిరాకు, ఒకరోజు కుర్చీ తన్నాడు. తీసేద్దాం అనుకుంటున్నారు. వెళ్లి రోజంతా కూర్చుంటే తేలిందేంటంటే ఆయన పొద్దున్నుంచి నీళ్లు తాగట్లేదు. ఎందుకు? తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి. బాత్రూమ్‌లో చేతులు ఆరబెట్టే మెషిన్ కొత్తగా పెట్టారు, ఆ చప్పుడు ఆయన చెవులకి డ్రిల్లింగ్ మెషిన్ లెక్క. ఆ మెషిన్ లేని ఇంకో ఫ్లోర్‌లో బాత్రూమ్ వాడుకోమన్నాం. అయిపోయింది. ఇందులో బిహేవియర్ ప్రాబ్లమ్ ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

అపోహ: ఇలాంటివాళ్లని పెట్టుకుంటే బోలెడు ఖర్చు

టేప్, కాగితం, ఇంకో బాత్రూమ్. పైన చెప్పినవాటికి అయిన ఖర్చు మీరే లెక్కేసుకోండి. లైట్ మార్చడం, హెడ్‌ఫోన్స్ పెట్టుకోనివ్వడం, షిఫ్ట్ మారితే ముందు రోజే చెప్పడం, ఎక్కువగా ఇలాంటివే ఉంటాయి.

అపోహ: ఉద్యోగం వచ్చేసింది కదా, ఇక మీ పని అయిపోయింది

ఉద్యోగం రావడం సగమే. మూడేళ్లు ఏ గొడవా లేకుండా చేసిన మనిషి కొత్త మేనేజర్ వచ్చిన నెలకి మానేయడం ఎన్నిసార్లు చూశానో. పాత మేనేజర్‌కి తెలిసినవన్నీ ఆయన బుర్రలో ఉండిపోయి ఆయనతోపాటే వెళ్లిపోతాయి. అందుకే ఇప్పుడు ప్రతి మనిషికీ ఒక పేజీ రాసిపెడుతున్నాం, ఏం నచ్చుతుంది, ఏం పడదు, టెన్షన్ పడితే ఎలా తెలుస్తుంది, అప్పుడేం చేయాలి, ఏం చేయకూడదు. రాసేది ఆ మనిషే, నేను పక్కన కూర్చుంటానంతే. ఎవరికి చూపించాలో కూడా వాళ్లిష్టమే, ఆటిజం అన్న మాట రాయనివాళ్లూ ఉన్నారు.

ఇక తప్పుకోవడం. మొదట్లో రోజంతా ఉంటాం, తర్వాత సగం రోజు, తర్వాత వారానికి ఒకసారి. వినడానికి బాగానే ఉంటుంది కానీ నాకు కాలు కదలదు, నేను లేకపోతే ఏమవుతుందో అని. పైన చెప్పిన లాండ్రీ అమ్మాయి దగ్గర మూడో నెలలో కూడా రోజూ వెళ్తున్నా. ఒకరోజు షీట్ మడతపెడుతూనే, నా వైపు చూడకుండానే అడిగింది, "మేడం, మీరు రేపు రాకండి." ఏమైంది అన్నా. "మీరుంటే అందరూ మీతోనే మాట్లాడుతున్నారు." ఆలోచిస్తే నిజమే, ఆ అమ్మాయికి చెప్పాల్సిన ప్రతి మాటా అక్కడివాళ్లు నాకు చెప్తున్నారు, షీట్లు అయిపోయాయా అని కూడా నన్నే అడుగుతున్నారు. మర్నాడు వెళ్లలేదు. సాయంత్రం సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి ఎలా జరిగింది అంటే, ఆవిడ "ఆగండి, తననే అడుగుతా" అని ఫోన్ ఆ అమ్మాయికి ఇచ్చింది.