మంచె మీద కుండ

దామలచెరువు దగ్గర మన తోట
ఆదివారం సాయంత్రం

అబ్బోడా, బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో మీరిద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేశారు. స్పీకర్ పెట్టినా నాకు సగమే వినపడింది, మిగతాది అవ్వనడిగి తెలుసుకున్నా. అబ్బోణ్ణి ఫుట్‌బాల్ కోచింగులో బి టీములో వేశారు, రెండు రోజులుగా వాడు సరిగ్గా అన్నం తినడం లేదు. బుజ్జమ్మది వేరే గొడవ. హాలెండులో అయాక్స్ క్లబ్బు రెండో టీము 2018లో రెండో డివిజన్లో అందరికన్నా పైన నిలిచినా పై లీగుకు పంపలేదు, ఇదేం న్యాయం అని.

ఫోన్లో చెబితే మధ్యలో పెట్టేస్తారు. అందుకే ఉత్తరం.

ఇక్కడ కాయలన్నీ మండీకి వెళ్ళిపోయాయి. నాలుగు వానలు పడ్డాయి, అంటు కట్టే పని మొదలైంది. అది చూస్తూనే రాస్తున్నాను కాబట్టి బంతి సంగతి చెప్పబోయినా మామిడే వస్తుంది. ఓర్చుకోండి.

బేనిషా టెంక నాటితే బేనిషాయే కాస్తుందని నమ్మకం లేదు. పుల్లటి పీచుకాయ కాసినా కాయొచ్చు. అందుకని నాటు టెంక మొలిపించి, దాని మీద బేనిషా కొమ్మను అంటు కడతాం. ఇప్పుడు నర్సరీ వాళ్ళు పుల్ల కోసి తెచ్చి, బ్లేడుతో చెక్కి, ప్లాస్టిక్ పట్టీ చుట్టేస్తున్నారు. మా నాయన పద్ధతి అది కాదు. మంచి చెట్టు కింద మంచె కట్టి, నాటు మొక్కల కుండల్ని దాని మీదికి ఎక్కించేవాడు. చెట్టు కొమ్మను కొయ్యకుండానే, దానికీ మొక్కకూ ఒక పక్కన బెరడు చెక్కి, రెండు గాయాలూ ఒకదానికొకటి ఆనేలా అరటి నారతో బిగించేవాడు. ఆ మొక్క రెండు మూడు నెలలు అక్కడే ఉండేది. వేరు తనది, కుండ తనది, పైనుంచి వచ్చే సత్తువ మాత్రం పెద్ద చెట్టుది. అతికిందని తెలిశాక కూడా కొమ్మను ఒక్క దెబ్బకు నరికేవాడు కాదు. ఇవాళ కాస్త గాటు, వారం ఆగి ఇంకాస్త.

రెండో టీమంటే ఆ మంచె మీది కుండే, అబ్బోడా.

బార్సిలోనా క్లబ్బు అకాడమీ లా మాసియా పేరు మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ మాటకు అర్థం తెలుసా? అక్కడి కాటలాన్ భాషలో మాసియా అంటే పొలంలో రైతు కట్టుకున్న ఇల్లు. ఉత్త పేరు కాదు, నిజంగానే 1702లో కట్టిన ఇల్లు అది. దూరపు ఊళ్ళ నుంచి వచ్చిన ఆటపిల్లలు ఉండి చదువుకోవడానికి 1979లో దాన్ని హాస్టల్ చేశారు. 2011లో కొత్త భవనానికి మారారు, పేరు మాత్రం అదే. అకాడమీలో వయసును బట్టి టీములుంటాయి. అది టెంకలు మొలిచే చోటు. వాటన్నిటికీ పైన, పెద్ద టీముకు ఒక్క మెట్టు కింద, బార్సిలోనా బి. వాళ్ళ లీగు వేరు, వాళ్ళ మ్యాచ్‌లు వేరు. ఎదుటి టీముల్లో ఆట మీదే బతికే ముప్పై ఏళ్ళ మొగోళ్ళుంటారు, పద్దెనిమిదేళ్ళ పిల్లాడు వాళ్ళ భుజం దెబ్బలు తినాలి. పెద్ద టీములో ఎవరికైనా కాలు బెణికితే ఇక్కడికే కబురొస్తుంది, రేపు వాళ్ళతో ప్రాక్టీసుకు రా అని.

బుస్కెట్స్, పెద్రో అని ఇద్దరున్నారు. 2007-08లో బి టీముతో పాటు స్పెయిన్‌లో నాలుగో మెట్టు లీగులో ఆడుతున్నారు. అప్పుడు ఆ టీము కోచ్ గార్డియోలా. మరుసటి ఏడు ఆయన్ని పెద్ద టీముకు కోచ్ చేస్తే వీళ్ళిద్దరినీ వెంట తీసుకెళ్ళాడు. 2010 ప్రపంచ కప్పు ఫైనల్లో స్పెయిన్ మొదటి పదకొండు మందిలో ఇద్దరూ ఉన్నారు. రెండేళ్ళ కిందటి కుండలు!

బుజ్జమ్మా, ఇక నీ గొడవ. ఒకే క్లబ్బు టీములు రెండూ ఒకే లీగులో ఉంటే ఏడాదికి రెండుసార్లు ఎదురుపడాలి. పెద్దోళ్ళకు పాయింట్లు తక్కువైన రోజున చిన్నోళ్ళు గట్టిగా ఆడతారా? ఆడినా జనం నమ్ముతారా? అందుకే పెద్ద టీమున్న లీగుకు రెండో టీమును ఎక్కనివ్వరు. ఒకసారి ఎదురుపడనే పడ్డారు కూడా. 1980లో స్పెయిన్ కప్పు ఫైనల్లో ఒక పక్క రియల్ మాడ్రిడ్, ఇంకో పక్క దాని రెండో టీము కాస్తియా. నాయన బిడ్డతో కుస్తీకి దిగినట్టు. నాయనేమీ దయ తలచలేదు, 6-1. మాడ్రిడ్ లీగు కూడా గెలిచి వేరే పోటీకి వెళ్ళింది కాబట్టి, ఓడిన పిల్లలకే ఐరోపా కప్పుల పోటీలో చోటు దొరికింది. కొన్నేళ్ళకు ఆ స్పెయిన్ కప్పులోకి రెండో టీములను రానివ్వడమే మానేశారు. నాకైతే అది బాగోలేదు. అలాంటి ఫైనల్ ఇంకోటి చూడాలని ఉంది.

నేనూ ఎక్స్‌ట్రాగాణ్ణే, మీకెప్పుడూ చెప్పలేదు. తిరుపతిలో హాస్టల్లో ఉండి హైస్కూలు చదివే రోజుల్లో బంతి నా దగ్గరే ఉండేది, ఆట మాత్రం వేరేవాళ్ళది. తోలు బంతి, లోపల బ్లాడరు. పంపుతో గాలి కొట్టి, మూతి లోపలికి దోపి, పైన చెప్పుల తాడులాంటి లేసు బిగించాలి. వానలో తడిస్తే నానిన బియ్యం మూటలా బరువెక్కేది. ఆరబెట్టి ఆముదం పూసేది నేనే. ఏడాదంతా పూశాక ఒక మ్యాచ్‌లో చివరి పది నిమిషాలకు పీటీ సారు నన్ను దిగమన్నాడు. కాళ్ళకు ఏమీ లేవు, ఎదురుగా తిరుమల కొండ, ఒళ్ళంతా వణుకు. బంతి గాల్లో తిరుగుతూ సరిగ్గా నా తల మీదికే వచ్చింది. ఊరికే తల ఆనిస్తే గోలు. కానీ ఆ లేసు బిగించింది నేనే కదా, ముడి నుదుటికి తగిలితే ఎలా ఉంటుందో ఊళ్ళో నాకంటే ఎవరికి తెలుసు? కళ్ళు మూసుకున్నాను. బంతి చెవికి తగిలి ఎటో పోయింది.

సారు ఏమీ అనలేదు. మరుసటి రోజు పంపు మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

ఇంకోటి. అంటు నాటిన మొదటి రెండు మూడేళ్ళు పూత వస్తే తుంచేస్తాం. చూసేవాళ్ళకు పాపం అనిపిస్తుంది. అప్పుడే కాయనిస్తే ఆ బరువుకే చెట్టు గిడసబారుతుంది. నిన్ను బి టీములో వేసినాయన కూడా పూత తుంచుతున్నాడేమో, అబ్బోడా. లేదా ఎ టీములో వేసినవాడు నీకంటే బాగా ఆడుతున్నాడేమో. అది కూడా చూసుకో.

ఇంతవరకూ మామిడితో నెట్టుకొచ్చాను. ఇక్కడ ఆ పోలిక ఆగిపోతుంది. మొక్క రాత్రిపూట అమ్మ కోసం ఏడవదు. స్పెయిన్ ఆటగాడు ఇనియెస్టా పన్నెండేళ్ళకు పల్లెటూరు వదిలి లా మాసియాకు వచ్చాడు, నీ వయసే. చాలా రాత్రులు ఏడ్చానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. నేను చెప్పిన 2010 ఫైనల్లో పడింది ఒకే ఒక్క గోలు, అది ఆయనదే.

ఇక అతకని అంట్లు. ఏ ఏడూ కట్టినవన్నీ అతకవు. పైన పుల్ల ఎండిపోయినా కింద నాటు మొక్క చిగురేస్తుంది, పుల్లకాయ కాస్తుంది. అవ్వ ఊరగాయకు ఆ కాయే కావాలంటుంది. అకాడమీల్లో కూడా పెద్ద టీము దాకా చేరేది కొద్దిమందే. తక్కినవాళ్ళు వేరే క్లబ్బులకు పోతారు, కోచ్‌లవుతారు, ఆట మానేసి ఉద్యోగాలు చూసుకుంటారు. పద్దెనిమిదేళ్ళ పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఇక నువ్వు రావద్దని చెప్పడం ఊరగాయ కబురుతో సర్దేసేది కాదని నాకూ తెలుసు. అందుకే మీ నాన్న లెక్కలు చెయ్యమంటే చెయ్యి. బార్సిలోనా కుర్రాడు లమీన్ యమాల్ 2024లో యూరో కప్పుకు వెళ్తూ స్కూలు హోంవర్కు వెంట తీసుకెళ్ళాడట, మీ మామ చెప్పాడు.

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి స్థిరపడి పెట్టిన ఆర్డీటీ సంస్థ అక్కడ పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తోంది. మీ బెంగళూరు ఎఫ్‌సీకి కూడా రిజర్వు టీముంది. ఒకరోజు దాని ఆటకు తీసుకెళ్ళమని నాన్ననడుగు. గోళ్ళు కొరుక్కుంటూ బయట కూర్చున్న పిల్లలను చూడు.

దసరాకు వచ్చినప్పుడు మాత్రం ఒక పని చెయ్యాలి. బావి పక్కన ముసలి బేనిషా ఉంది కదా, మా నాయన మంచె మీద కట్టి దించిందే అది. మొదలు దగ్గర వేళ్ళతో తడిమి, నాటు ఎక్కడైపోయిందో, బేనిషా ఎక్కడ మొదలైందో నాకు చూపించండి. నాకు ఒక్కో ఏడు ఒక్కో చోట అనిపిస్తోంది.

అవ్వ ఊరగాయ జాడీ బస్సులో పంపుతోంది. మూత గట్టిగా ఉంటుంది, నాన్నను తియ్యమనండి.

మీ తాత