బరువు లేని భారం: రేసు కార్ల వేగం ఎక్కడ పెరిగింది?

కొరాపుట్‌లో మా వీధి చివరి ఇంట ప్లస్ టూ చదువుతున్న కుర్రవాడొకడు ఈ మధ్య ఒక సాయంత్రం ఫోను చేత పట్టుకొని వచ్చి, "మాస్టారూ, 1937లో బెర్లిన్ పందెంలో గెలిచిన కారు సగటున గంటకు 260 కిలోమీటర్లకు పైగా పరుగెత్తిందట. 2025లో ఇటలీలోని మోంజాలో జరిగినది ఫార్ములా వన్ చరిత్రలోకెల్లా వేగవంతమైన పందెమట, దాని సగటు చూస్తే 250.7 కిలోమీటర్లే. అంటే 88 ఏళ్లపాటు ఇంజనీర్లు వెనక్కి నడిచారా?" అని అడిగాడు. వాడు బడిలో ఒడియాలో మాట్లాడతాడు, భౌతికశాస్త్రాన్ని ఇంగ్లీషులో చదువుతాడు, సందేహం వస్తే మాత్రం తెలుగులో అడుగుతాడు. జవాబు తెలుగులోనే రాసి ఇస్తానని మాట ఇచ్చాను.

వాడు చెప్పిన అంకెలు రెండూ నిజమే. వాటిని పక్కపక్కన పెట్టడంలోనే చిక్కు ఉంది. తొలి రోజుల సంగతి నేను త్వరగా దాటేస్తాను, ఎందుకంటే అప్పట్లో ఇంజను బలం పెరిగిన కొద్దీ వేగం పెరగడం తప్ప అందులో పెద్ద వింత లేదు. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగి వచ్చిన పందెంలో ఎమిల్ లెవాసర్ 48 గంటల 48 నిమిషాలపాటు బండి తోలి, సగటున గంటకు 24 కిలోమీటర్లు సాధించాడు. నాలుగేళ్లకే, 1899 ఏప్రిల్ 29న, కమీల్ జెనాట్జీ విద్యుత్తుతో నడిచే బండి మీద 105.88 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నాడు. నూరు దాటిన తొలి కారు పెట్రోలుది కాదు, బ్యాటరీది. 1906లో ఫ్రాన్స్‌లోని లెమాన్ దగ్గర గ్రాండ్ ప్రీ అనే పేరుతో జరిగిన మొదటి పెద్ద పందెంలో ఫెరెంక్ సిజ్ నడిపిన రెనో సగటే నూరు కిలోమీటర్లు దాటింది.

ఇక బెర్లిన్ సంగతికి వస్తే, ఆవుస్ అని పిలిచే ఆ దారి నిజానికి పక్కపక్కనే ఉన్న రెండు పొడవైన తిన్నని రోడ్లు. ఒక కొసన వాటిని కలిపే మలుపును 43 డిగ్రీల వాలుతో ఇటుకలతో కట్టారు. గోడ లాంటి ఆ వాలు మీద కారు పెద్దగా నెమ్మదించనక్కరలేదు. చక్రాలను కూడా మూసేసిన చేప ఆకారపు ఒంటితో, సుమారు 600 అశ్వశక్తి ఇంజన్లతో ఆనాటి జర్మన్ కార్లు అక్కడి తిన్నని దారిలో 370 కిలోమీటర్లు దాటేవి. నేటి ఫార్ములా వన్ కారు మోంజా తిన్నని దారిలో అందుకునేది 350కి కాస్త అటూ ఇటూ. ఇంతవరకూ చూస్తే కుర్రవాడి అనుమానమే గెలిచినట్లుంది.

తిన్నని దారిలో వేగాన్ని నిర్ణయించేది ఇంజనుకూ గాలికీ మధ్య జరిగే పోరు. గాలి నిరోధం వేగ వర్గంతో పెరుగుతుంది, దాన్ని అధిగమించడానికి కావలసిన అశ్వశక్తి వేగ ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల అశ్వశక్తి కావాలి. 600 అశ్వశక్తి 1,000 అయిందనుకుంటే, ఒంటి ఆకారం మారకపోతే, వేగం పెరిగేది నూటికి 18 లేక 19 వంతులు మాత్రమే. ఆ కొంచెం లాభాన్ని కూడా నేటి కారు వదులుకుంది, దానికి మించి కొంత వేగాన్ని కూడా ధారపోసింది. ఎందుకు ధారపోసిందో తెలియాలంటే మోంజాను వదిలి మొనాకో వీధుల్లోకి వెళ్లాలి.

మొనాకో ఇరుకైన కొండ పట్టణం, అక్కడి పందెమంతా మలుపులే. దారి కొలతలు కొద్దిగా మారినా రూపం దాదాపు అదే. 1929లో అక్కడ జరిగిన తొలి పందెంలో గెలిచిన బుగాటి సగటు గంటకు 80 కిలోమీటర్లు. 1950లో ఫాంజియో అనే డ్రైవరు, పందేనికి ముందు వరుస క్రమం తేల్చే అర్హత పరుగులో, ఒక చుట్టును 1 నిమిషం 50.2 సెకన్లలో ముగించాడు, అంటే సుమారు 104 కిలోమీటర్లు. 2025లో అదే అర్హత పరుగులో లాండో నోరిస్ 3.337 కిలోమీటర్ల చుట్టును 1 నిమిషం 9.954 సెకన్లలో తిరిగాడు, అంటే 171 దాటింది. మోంజాలో 1971 నాటి గెలుపు సగటు 242.6, 2025 నాటిది 250.7. మధ్యలో అడ్డుమలుపులు పెట్టి ఆ దారిని నెమ్మది చేశారన్న మాట నిజమే అయినా, తేడా ఎంత స్వల్పమో చూడండి. రేసు కారు వేగం పెరిగింది తిన్నని దారిలో కాదు, మలుపులో.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వచ్చాం. సాలూరు నుంచి కొరాపుట్‌కు సుంకి ఘాటీ మీదుగా బస్సులో వచ్చినవారెవరికైనా మలుపులో ఒళ్లు పక్కకు ఒరగడం తెలుసు. బస్సు వంపు తిరగాలంటే ఏదో ఒకటి దాన్ని మలుపు లోపలి వైపుకు లాగుతూ ఉండాలి. ఆ లాగుడు టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ నుంచే రావాలి, వేరే దిక్కు లేదు. ఘర్షణ కావాలంటే టైరును రోడ్డుకు అదిమే భారం కావాలి. అలాగైతే బరువు పెంచితే సరిపోతుంది కదా అనిపిస్తుంది, చాలామంది డ్రైవర్లు కూడా లోడు ఉంటే బండి బాగా పట్టుకుంటుందని నమ్ముతారు. లెక్క ఒప్పుకోదు. బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపవుతుంది, కాని ఆ రెట్టింపు బరువును తిప్పడానికి కావలసిన బలం కూడా రెట్టింపవుతుంది. రెండూ కొట్టివేసుకుపోతాయి. దామన్‌జోడి నుంచి నిండుగా దిగే లారీకీ, దాని వెనక వచ్చే స్కూటరుకూ మలుపులో జారే హద్దు ఒకటే. లారీ ముందే పల్టీ కొడితే అది ఎత్తు చేసిన పని, జారుడుకు సంబంధం లేదు.

మా తాతగారి ఊళ్లో గుంటక తోలేటప్పుడు అది మట్టిలో దిగకపోతే పైన ఒక బండరాయి పెట్టేవారు. గుంటక దిగేది, కాని చేను చివర మళ్లించేటప్పుడు ఆ రాయిని కూడా కలిపి తిప్పవలసి వచ్చి ఎడ్లు రొప్పేవి. దున్నేటప్పుడు మాత్రం నొక్కి, తిప్పేటప్పుడు మాయమయ్యే రాయి దొరికితే ఎంత బాగుండేది! రేసు కారు ఇంజనీర్లకు అటువంటి రాయి దొరికింది. అది గాలి. గాలి కారును కిందికి నొక్కుతుంది, కాని కారు ద్రవ్యరాశికి ఒక్క గ్రాము కూడా కలపదు. పట్టు పెరుగుతుంది, తిప్పవలసిన బరువు పెరగదు.

గాలికి అంత బలం ఎక్కడిదని మా ప్రాంతం వారెవరూ అడగరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటి ఇటువైపు వచ్చినప్పుడు, మా వంటింటి రేకులు ఇసుక మూటలతో సహా పైకి లేచాయి. ఆ రేకునే తలకిందులుగా కారుకు బిగించారనుకోండి, పైకి లేపే బలం కిందికి నొక్కే బలమవుతుంది. ఇక్కడ నేను చాలా ఏళ్లు పిల్లలకు తప్పు చెప్పానని ఒప్పుకోవాలి. రెక్కకు వంపు ఉన్న వైపు దారి పొడవు కనుక గాలి అవతలి వైపు గాలిని కలుసుకోవడానికి తొందరపడుతుందని పాఠాల్లో తరచుగా వినిపిస్తుంది. రెండు వైపుల గాలీ ఒకే క్షణానికి కలుసుకోవాలన్న నియమం ఏదీ లేదు. కారు రెక్క గాలిని పైకి వంచి విసురుతుంది, ఆ విసిరిన దానికి ప్రతిగా రెక్క కిందికి నొక్కుకుపోతుంది. దానికి మూల్యం అదనపు గాలి నిరోధం. నేటి కారు తిన్నని దారిలో వేగాన్ని ధారపోసింది ఇందుకే.

లెక్క చేసి చూద్దాం. రెక్కలు లేని కారుకు, టైరు ఘర్షణ గుణకాన్నీ గురుత్వ త్వరణాన్నీ మలుపు వ్యాసార్థాన్నీ గుణించి వర్గమూలం తీస్తే గరిష్ఠ వేగం వస్తుంది. రెక్కలు పెడితే ఆ గుణకారాన్ని ఒకటికంటే చిన్న భిన్నంతో భాగించాలి, మలుపు విశాలమైన కొద్దీ ఆ భిన్నం చిన్నదవుతుంది. 800 కిలోల కారుకు ఘర్షణ గుణకం 1.5 అనీ, గంటకు 160 కిలోమీటర్ల దగ్గర గాలి నొక్కుడు కారు బరువుతో సమానమవుతుందనీ అనుకుందాం. 20 మీటర్ల వ్యాసార్థపు మలుపులో రెక్కలు లేకపోతే 62 కిలోమీటర్లు, ఉంటే 67. అంటే లాభం 5. 50 మీటర్ల మలుపులో 98 కాస్తా 123 అవుతుంది, లాభం 25. 100 మీటర్ల మలుపులో 138 ఏకంగా 273 అవుతుంది! వ్యాసార్థం 134 మీటర్లకు చేరేసరికి ఆ భిన్నం సున్నా అవుతుంది, అంటే లెక్క ప్రకారం అంతకంటే విశాలమైన మలుపు మలుపే కాదు, ఎంత వేగంగా వెళ్లినా పట్టు తప్పదు. వేగం పట్టునిస్తుంది, పట్టు మరింత వేగాన్నిస్తుంది. ఎంత వేగం పెంచినా జారని మలుపులు కూడా లెక్కలో ఉంటాయని గ్రహించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

నిజం కారు ఈ లెక్కను పూర్తిగా పాటించదు, దానికి కారణం రబ్బరు. ఘర్షణ గుణకం భారం మీద ఆధారపడదని పుస్తకంలో ఉన్న సూత్రం గట్టి లోహాలకు చాలావరకు సరిపోతుంది. మెత్తని రబ్బరును ఎక్కువ నొక్కితే దాని గుణకం తగ్గుతుంది. అందుకే భారాన్ని ఎక్కువ రబ్బరు మీద పరచడానికి వెడల్పు టైర్లు వచ్చాయి. ఘర్షణకు వైశాల్యంతో పని లేదని బల్ల గుద్ది చెప్పే ఉపాధ్యాయులు, పందెపు కారు టైరును ఒకసారి పిల్లలకు చూపించి ఆ మాట చెప్పాలి.

ఇంత సులభమైన ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. 1956లోనే మైకేల్ మే అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు తన పోర్షే కారు నెత్తిన రెక్క బిగించి జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ పందెపు దారికి తెచ్చాడు, నిర్వాహకులు దాన్ని అనుమతించలేదు. 1966లో అమెరికాలో జిమ్ హాల్ తన చాపరల్ కారుకు ఎత్తైన రెక్క పెట్టి, దాని కాళ్లను స్ప్రింగుల మీద కాక నేరుగా చక్రాల ఇరుసు భాగానికి తగిలించాడు, నొక్కుడంతా టైరుకే చేరింది. 1968లో బెల్జియం పందెంలో ఫెరారీ, బ్రాభమ్ కార్లు రెక్కలు తొడిగాయి. మరుసటి ఏడాది స్పెయిన్ పందెంలో గ్రహమ్ హిల్, యోహెన్ రింట్ నడుపుతున్న రెండు లోటస్ కార్ల రెక్కలూ విరిగిపోయాయి, తర్వాతి పందెం మొనాకోలోనే ఎత్తు రెక్కలను నిషేధించారు.

1970ల నడుమ లోటస్ జట్టు వారికి, గాలిని వేగంగా వీచి నమూనాలను పరీక్షించే గాలి సొరంగంలో, ఒక నమూనా కారు వింత కొలతలు చూపించసాగింది. చూస్తే, గాలి వేగం పెరిగినప్పుడు దాని పక్క భాగాలు కిందికి వంగి నేలకు దగ్గరవుతున్నాయి. ఆ సందును అట్టముక్కలతో మూసి చూడగా నొక్కుడు ఒక్కసారిగా ఎగబాకింది. కారు అడుగు భాగమే తిరగేసిన రెక్క కాగలదని అలా తేలింది, 1978లో లోటస్ డ్రైవరు మారియో ఆండ్రెట్టి ఆ కిటుకుతోనే ప్రపంచ విజేత అయ్యాడు. అదే ఏడాది స్వీడన్‌లో బ్రాభమ్ వారు కారు వెనక పెద్ద ఫ్యాను పెట్టి అడుగున ఉన్న గాలిని లాగేశారు. ఆ కారును నడిపిన నికి లౌడా అర నిమిషానికి పైగా తేడాతో గెలిచాడు, ఆ కారు మళ్లీ పందెంలో కనిపించలేదు. నా దృష్టిలో అన్నిటికంటే తెలివైనది ఆ ఫ్యానే, ఎందుకంటే రెక్కకు వేగం కావాలి, ఫ్యానుకు అక్కరలేదు. 20 మీటర్ల మలుపులో రెక్క ఇచ్చే లాభం 5 అన్నాం కదా, అక్కడ కూడా ఫ్యాను పూర్తి బలంతో నొక్కుతుంది.

రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం చూసి నవ్వేవారికి ఒక మాట చెప్పాలి. సెకనులో వెయ్యోవంతును కొలిచే కార్ల పందేల్లో, అశుభమన్న నమ్మకం వల్ల, 13వ నంబరు కారు దశాబ్దాలపాటు దాదాపు కనిపించలేదు. నిమ్మకాయ కనీసం టైరు కింద ఉంటుంది.

మలుపుల్లో వేగం పెరుగుదలకు హద్దు చివరికి మనిషి దగ్గర ఎదురైంది. 2001 ఏప్రిల్‌లో అమెరికాలోని టెక్సస్‌లో, వాలు కట్టిన దారి మీద కార్లు 370 కిలోమీటర్లు దాటి తిరుగుతుండగా, మలుపుల్లో డ్రైవర్ల మీద భూమ్యాకర్షణకు 5 రెట్ల బలం సెకన్ల తరబడి పడింది. తల, హెల్మెట్ కలిపి 7 కిలోలనుకుంటే అది 35 కిలోల మూట అయినట్లు. చాలామందికి కళ్లు తిరిగి, దిక్కు తెలియకపోవడంతో పందెం రోజునే పందెం రద్దు చేశారు. కార్లు బాగానే ఉన్నాయి.

ఇదంతా విన్న మా కుర్రవాడు, "అయితే మాస్టారూ, ఆ కారు సుంకి ఘాటీలో మన బస్సును దాటిపోతుందా?" అన్నాడు. 10 మీటర్ల వ్యాసార్థపు మలుపులో మన లెక్క ప్రకారం రెక్కలు లేకపోతే 44, ఉంటే 45. ఎండిన రోడ్డు మీద ఆ మెత్తని టైర్ల వల్ల బస్సుకంటే ముందే ఉంటుందని చెప్పాలి. అయితే మొనాకోలోని ఇరుకు మలుపు తిరగడానికే ఆ జట్లు స్టీరింగు భాగాలను ప్రత్యేకంగా మార్చుకుంటాయి. అవి మార్చకుండా వస్తే ఆ కారు మా ఘాటీ మలుపులో పొడవాటి ట్రైలరు లారీలాగా ఒకసారి ఆగి, వెనక్కి తీసి, మళ్లీ తిరగవలసి వస్తుంది. వెనక బస్సు డ్రైవరు హారను మోగిస్తూ ఉంటాడు.