వేడి వల్ల కాదు, అడ్డుకుంటేనే స్ట్రెస్: థర్మల్ సిమ్యులేషన్ అపోహలు

అపోహ: పార్టు వేడెక్కితే స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) వచ్చి తీరుతుంది.

వాస్తవం: ఒకే మెటీరియల్‌తో చేసిన పార్టు అంతటా సమానంగా వేడెక్కి, సాగడానికి చోటుంటే స్ట్రెస్ సున్నా. అడ్డు పడితేనే వస్తుంది. చాలా కంప్యూటర్ మోడళ్లలో ఆ అడ్డు పెట్టేది మనమే. అడుగు ముఖమంతటికీ ఫిక్స్‌డ్ సపోర్ట్ (ఎటూ కదలనివ్వని బిగింపు) ఇచ్చేసి స్టీలును 20 నుంచి 100 డిగ్రీలకు తీసుకెళ్తే, ఒక్క దిశలో పూర్తిగా ఆపినా 192 మెగాపాస్కల్స్, రెండు దిశల్లో ఆపితే సుమారు 274. ఎక్కువ స్ట్రెస్‌కు గుర్తుగా స్క్రీన్ ఎర్రబడగానే కంగారుపడి మందం పెంచుతారు. అంకె తగ్గదు. ఎలాస్టిక్ మాడ్యులస్ (మెటీరియల్ ఎంత గట్టిగా సాగడాన్ని అడ్డుకుంటుందో), వ్యాకోచ గుణకం, ఉష్ణోగ్రత తేడా, పాయిసన్ నిష్పత్తి (ఒక దిశలో సాగితే పక్కకు ఎంత కుదించుకుంటుందో): ఈ లెక్కలో మందం ఎక్కడుంది?

డిజైన్ మార్చేముందు సపోర్ట్ చూడండి. మూడు మూలలు చాలు. మొదటిదాన్ని మూడు దిశల్లోనూ ఆపండి. దాని నుంచి ఎక్స్ దిశలో ఉన్న రెండోదాన్ని వై, జెడ్‌లలో ఆపండి. అదే ఎక్స్‌వై తలంలోని మూడోదాన్ని జెడ్‌లో మాత్రమే. సమాన ఉష్ణోగ్రత ఇచ్చి రన్ చేస్తే రియాక్షన్లు (సపోర్ట్‌ల దగ్గరి ఎదురు బలాలు) సున్నాకు దగ్గరగా రావాలి. రాకపోతే ఎక్కడో అదనంగా బిగించారు.

అపోహ: రెండు పార్టులు తాకే చోటును (కాంటాక్ట్‌ను) బాండెడ్‌గా, అంటే అతికించినట్టు పెడితే సరిపోతుంది, రన్ కూడా త్వరగా అవుతుంది.

వాస్తవం: అల్యూమినియం హౌసింగ్‌లో 80 మి.మీ. వ్యాసం స్టీలు బుష్ (గొట్టం లాంటి పార్టు), వ్యాసం మీద 50 మైక్రాన్ల ఇంటర్‌ఫియరెన్స్ (బుష్ రంధ్రం కంటే అంత పెద్దది, అందుకే బిగుతుగా ఉంటుంది) అనుకోండి. 80 డిగ్రీలు పెరిగితే హౌసింగ్ బోరు (రంధ్రం) బుష్ కంటే 70 మైక్రాన్లు ఎక్కువ సాగుతుంది. పట్టు పోయి 20 మైక్రాన్ల ఖాళీ మిగులుతుంది, బుష్ తిరిగిపోతుంది. బాండెడ్ మోడల్‌లో మాత్రం రెండూ అతుక్కునే కనిపిస్తాయి. ఫ్రిక్షనల్ (జారడానికీ విడిపోవడానికీ వీలున్న కాంటాక్ట్) పెట్టండి. పెనట్రేషన్ (లెక్కలో ఒక పార్టు మరోదానిలోకి చొచ్చుకుపోవడం) కూడా చూడండి: 50లో 10 మైక్రాన్లు అక్కడే పోతే ప్రెషర్ ఆ మేరకు తక్కువ చూపిస్తుంది.

మెష్ (మోడల్‌ను ఎలిమెంట్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టడం) సంగతి ఇంకా ప్రమాదం. ఇదే బోరుకు 4 మి.మీ. లీనియర్ (తిన్నని అంచులున్న) ఎలిమెంట్లు వేస్తే, అసలు వంపుకీ ఎలిమెంటు అంచుకీ మధ్య తేడాయే 50 మైక్రాన్లు. వ్యాసార్థం మీద ఇంటర్‌ఫియరెన్స్ 25 మైక్రాన్లే కదా! సెకండ్ ఆర్డర్ (వంపు తిరగగల అంచులున్న) ఎలిమెంట్లు వాడండి, రెండు వైపులా నోడ్లు (ఎలిమెంట్ల బిందువులు) ఎదురెదురుగా ఉంచండి. పదునైన అంచు దగ్గర మెష్ చిన్నది చేసేకొద్దీ స్ట్రెస్ పెరుగుతూనే ఉంటే ఆ అంకెను నమ్మకండి. అసలు పార్టు అంచులో ఉన్న గుండ్రదనాన్ని (రేడియస్‌ను) మోడల్‌లోనూ ఇవ్వండి.

అపోహ: వేడికి రంధ్రం మూసుకుపోతుంది.

వాస్తవం: పెరుగుతుంది. ష్రింక్ ఫిట్ (వేడిచేసి రంధ్రం పెద్దదయ్యాక పార్టును దూర్చి, చల్లారాక బిగుసుకోనివ్వడం) పనిచేసేదే అందుకు.

అపోహ: రిఫరెన్స్ ఉష్ణోగ్రత (వ్యాకోచం సున్నాగా లెక్క మొదలయ్యే ఉష్ణోగ్రత) డిఫాల్ట్‌గా వదిలేయొచ్చు.

వాస్తవం: కొన్ని సాఫ్ట్‌వేర్లలో అది 22 డిగ్రీలు, కొన్నింటిలో 0. ఫిట్ కొలిచిన ఉష్ణోగ్రతే ఇవ్వండి.