టీ బడ్డీ దగ్గర రెండు గంటలు: సహభాగి పరిశీలన వెనక కథ

వేసవి సెలవులు మొదలైతే చాలు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో మెడలో కాలేజీ ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలు కనిపిస్తారు. డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యాలి కదా. చేతిలో అచ్చేసిన ప్రశ్నాపత్రం, ఇంటికి పది నిమిషాలు. రెండు మూడు రోజుల్లో ఊరు అయిపోతుంది, మిగతా గంటలు గ్రాఫులకు పోతాయి. "మీ ఊళ్లో కులాల మధ్య సఖ్యత ఉందా?" అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. గుమ్మంలో పెన్ను పట్టుకుని నిలబడ్డ కొత్త మనిషితో లేదని ఎవరంటారు?

అదే ఊరి టీ బడ్డీ దగ్గర రెండు గంటలు కూర్చుంటే బల్ల మీద ఎవరు కూర్చుంటున్నారో, కప్పు పట్టుకుని రోడ్డువారకు ఎవరు వెళ్తున్నారో, ఎవరి డబ్బులు ఎవరిస్తున్నారో అడక్కుండానే తెలుస్తుంది. ఇలా జనం మధ్యనే ఉండి, వాళ్లతో కలిసిపోతూ చూడటాన్నే సిలబస్‌లో సహభాగి పరిశీలన అంటారు. నిర్వచనం, లాభాలు, పరిమితులు అని పరీక్షకు ఒకటిన్నర పేజీ రాయించి వదిలేస్తారు. కానీ ఈ పద్ధతిలో ఉన్న ప్రతి నియమమూ ఎవరో ఒకరు దెబ్బతిన్నాక పుట్టిందే. ఆ దెబ్బ ఏమిటో చెప్పకుండా నియమం ఒక్కటే చెబితే పిల్లలకు అది ఎందుకో అర్థం కాదు, మళ్లీ ప్రశ్నాపత్రమే చేతికెత్తుకుంటారు.

మొదట్లో జనాన్ని చూడటమంటే కొలవడం. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి కలిసి దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు తెచ్చారు. థర్‌స్టన్‌కు తలల, ముక్కుల కొలతలంటే మహా మోజు. కొలిపించుకున్న మనిషి సాయంత్రం ఎవరితో కూర్చుని చుట్ట కాల్చాడో ఆ కొలతల్లో ఎక్కడా ఉండదు. ఆ లోటు తీర్చిన పేరు మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మలినోవ్‌స్కీకి దక్కింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో, అక్కడి జనం ఇళ్ల మధ్యనే గుడారం వేసుకుని, వాళ్ల భాషలోనే మాట్లాడి, 1922లో పుస్తకం వేశాడు. ఊళ్లో ఉండు, భాష నేర్చుకో, మామూలు రోజుల్ని రాసుకో అన్న మూడు మాటలు అక్కణ్నుంచే పాఠాల్లోకి వచ్చాయి.

అయితే భాష సంగతిలో మన దగ్గర ఒకాయన అంతకు ముందే దారి తొక్కాడు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ అక్కడి కొండల్లోని సవర తెగవాళ్ల భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, విన్న ధ్వనిని విన్నట్టే రాసుకుంటూ ఏళ్ల తరబడి కూర్చున్నారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆయన్ని వాడుకభాష ఉద్యమానికే పరిమితం చేసి ఏటా ఆగస్టు 29న దండ వేస్తాం గానీ, ఆ ఉద్యమమూ ఈ సవర పనీ ఒకే చెవి చేసినవి. మనిషి ఎలా అన్నాడో అలాగే కాగితం మీదికి రావాలన్న పట్టుదల రెండింటిలోనూ ఉంది.

ఇప్పటి పిల్లల నోట్సుల్లో కరువైంది సరిగ్గా ఆ చెవే. బడ్డీ దగ్గర ఒక ముసలాయన "ఆడెప్పుడో ఎల్లిపోనాడు" అంటాడు. నోట్సులో "అతను చాలాసేపటి క్రితమే వెళ్ళిపోయాడని తెలిపారు" అని పడుతుంది. 'ఆడు' ఎగిరిపోయింది, దాంతోపాటు ముసలాయనకూ ఆ వెళ్లిపోయినవాడికీ ఉన్న చనువో చిన్నచూపో కూడా ఎగిరిపోయింది. అలాగే 'నువ్వు' సంగతి. ఇక్కడి పల్లెల్లో పెద్దవాళ్లను నువ్వు అనడం మామూలే, అందులో అగౌరవం లేదు. పట్నం పిల్ల అది వినగానే 'మర్యాద లేదు' అని రాసేస్తుంది. మర్యాద వేరేచోట దొరుకుతుంది: 'బావూ' అన్న పిలుపు ఎవరి నోట ఎవరికి వస్తోంది, 'ఒరే' అన్నవాడికి తిరిగి 'ఒరే' వస్తోందా, లేక తలూపు ఒక్కటే వస్తోందా. పిలుపూ దానికి వచ్చిన జవాబూ జంటగా రాసుకోకపోతే ఆ వరస దొరకదు.

పల్లెల నుంచి, తెగల నుంచి ఈ పద్ధతి వీధిలోకి రావడం 1930ల అమెరికాలో జరిగింది. సామాజిక శాస్త్రవేత్త విలియం ఫుట్ వైట్ బోస్టన్‌లో ఇటాలియన్ వలసకుటుంబాల పేటలో కాపురం పెట్టి, వీధి మలుపులో నిలబడే కుర్రాళ్ల గుంపుతో తిరిగాడు. 1943లో వచ్చిన ఆయన పుస్తకంలో అందరూ చెప్పుకునేది బౌలింగ్ ఆట. ఎవరి స్కోరు ఎంతన్నది ఆటలో నేర్పును బట్టి కాక, గుంపులో వాడి హోదాను బట్టి నడుస్తుంది. కిందివాడు పైవాడి మీద గెలవబోతుంటే మిగతావాళ్లు ఎగతాళి చేసి వాడి గురి చెడగొడతారు. ఇంకో సంగతీ పట్టాడు, మన పనికి అదే ఎక్కువ పనికొస్తుంది. ఇద్దరే ఉన్నప్పుడు కిందివాడు కూడా నాయకుడికి 'పద, అటు పోదాం' అనగలడు. ముగ్గురో అంతకు మించో ఉన్నప్పుడు అనలేడు, అన్నా ఎవరూ కదలరు. అందుకని 'ఎవరు నాయకుడు?' అని అడగనక్కర్లేదు. ముగ్గురున్న చోట ఎవరి మాటకు మిగతావాళ్లు లేస్తున్నారో లెక్కపెడితే సరి.

టీ బడ్డీ దగ్గర దీన్ని ఎలా చెయ్యాలో కాస్త నిదానంగా చూద్దాం. మొదటి రెండు రోజులు ఏమీ రాయకూడదు. టీ తాగాలి, మొహాలు గుర్తుపట్టాలి, బడ్డీ మనిషికి తామెవరో, ఎందుకొచ్చారో చెప్పాలి. మూడో రోజు ఒక పటం గియ్యాలి: పొయ్యి ఎక్కడ, బల్లలెన్ని, నీళ్ల డ్రమ్ము ఎక్కడ, చెట్టు నీడ ఏ వేళకు ఎటు పడుతుంది, రోడ్డు ఎంత దూరం. మనుషులకు పేర్లు వద్దు, క, చ, ట అని అక్షరాలు చాలు. పొద్దున్న ఐదున్నర నుంచి ఏడున్నర దాకా కూర్చుంటే, ప్రతి పది నిమిషాలకూ ఒకసారి తలెత్తి ఎవరెక్కడున్నారో పటం మీద చుక్కలు పెట్టుకోవాలి. అంటే రెండు గంటలకు పన్నెండు చుట్లు. ఈ గడియారం లెక్క ఎందుకంటే కన్ను ఎప్పుడూ సందడి ఉన్న వైపే పోతుంది. గట్టిగా మాట్లాడేవాడితోనే నోట్సు నిండిపోతుంది. గంటసేపు మాట్లాడకుండా చెట్టు కింద గొంతుక్కూర్చున్న మనిషి అసలు రానట్టే అయిపోతాడు. చుట్టుకు చుట్టుకు మధ్య మాటలు పట్టుకోవాలి: ఎవరు మొదలెట్టారు, ఎవరితో, ఏ పిలుపుతో, జవాబు వచ్చిందా, డబ్బులెవరిచ్చారు. అదే బడ్డీకి సాయంత్రం ఒకసారి, సంత రోజున ఒకసారి వెళ్లాలి, మనుషులూ వరసలూ మారతాయి.

కాగితం కప్పు దగ్గర జాగ్రత్త. దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఉన్న రోజుల్లో వివక్ష మేకుకు వేలాడుతూ కనిపించేది. అందరికీ ఒకే కాగితం కప్పు ఇచ్చే చోట 'వివక్ష లేదు' అని రాసేయడం తేలిక. కప్పు వదిలేసి మోకాళ్ల వైపు చూడాలి: కప్పు పట్టుకున్నాక ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోకుండా తాగేశారు, బల్ల ఖాళీగా ఉన్నా సరే ఎవరు కూర్చోలేదు. ఒక్కరోజు చూసింది ఏదీ రుజువు కాదు. పది రోజులు అదే జరిగితే అప్పుడు ఆలోచించాలి.

వైట్ కథలో ఒక మరకా ఉంది. గుంపులో ఒకడైపోవాలన్న ఊపులో ఒకే ఎన్నికల్లో ఒకటికి మించి ఓట్లు వేశాడు. తర్వాత తన పుస్తకానికి రాసిన అనుబంధంలో తానే ఒప్పుకున్నాడు. పాల్గొనడానికి హద్దు ఎక్కడ అన్న చర్చకు ఇప్పటికీ ఆ పేజీలనే తీస్తారు.

సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ 1949 చివర్లో స్కాట్లండ్‌కు ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో ఒక చిన్న దీవికి వెళ్లాడు. అక్కడి హోటల్లో భోజనాల గదిలో ఒకలా, వంటగదిలో మరోలా ఉండే మనుషుల్ని చూసి, 'ముందు వైపు, వెనక వైపు' అన్న ఆలోచన అల్లాడు. మన పెళ్లి భోజనాల దగ్గర ఇది చిటికెలో కనిపిస్తుంది. బంతిలో విస్తరి ముందు వంగి "ఇంకొంచెం వేసుకోండి" అన్న మనిషే, గుడ్డ తెర వెనక్కి వెళ్లగానే "ఆ వరసకి కూర ఆపు" అంటాడు. తెర రెండు వైపులా ఉండకపోతే సగం పెళ్లే చూసినట్టు.

ఎవరి ఇంట్లోంచి చూస్తున్నావన్నది ఇంకా పెద్ద చిక్కు. మన దేశపు సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గరి ఒక ఊళ్లో ఉన్నారు. ఆయనకు ఊరిపెద్ద తన పశువుల లోగిట్లో బస ఇచ్చాడు. దాంతో తన చూపు పైకులాల వైపు ఒరిగిందని, దళితవాడకు తగినంతగా వెళ్లలేకపోయానని ఆయనే తర్వాత రాశారు. ఉత్తరాంధ్రలో ఇప్పుడు ఊరిపెద్ద లోగిలి స్థానంలో గ్రామ సచివాలయం వచ్చింది. కాలేజీ ఉత్తరం తీసుకుని పిల్లలు నేరుగా అక్కడికే పోతారు, అక్కడి ఉద్యోగి వెంటబెట్టుకుని ఇళ్లు చూపిస్తాడు. ఇక అక్కణ్నుంచి ఊరికి వాళ్లు పథకాల మనుషులే. "పింఛను రాయడానికొచ్చినారేటి?" అన్న మాట చెవిన పడిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. పొలం సంగతి తగ్గుతుంది, కష్టాలు పెరుగుతాయి, ఇంట్లో ఉన్న బండి పెరట్లోకి పోతుంది. సచివాలయానికి సమాచారం ఇవ్వాల్సిందే, అది వేరు. ఊళ్లోకి నడిపించే మనిషి మాత్రం వేరొకరు కావాలి, అదీ ఒకరే కాకుండా రెండు వేర్వేరు వీధుల నుంచి.

చెప్పకుండా దూరితే? దానికీ అనుభవాలున్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింజర్ బృందం 1954లో షికాగో వైపు, డిసెంబరు 21న జలప్రళయం వస్తుందని నమ్మిన ఒక చిన్న గుంపులోకి భక్తుల వేషంలో మనుషుల్ని పంపింది. లోపలికి రావడానికి ఈ వేషగాళ్లు చెప్పిన కట్టుకథలు ఆ గుంపువాళ్ల నమ్మకాన్ని ఇంకా గట్టిపరిచాయి. చూడటానికి వెళ్లినవాళ్లే చూడాల్సినదాన్ని మార్చేశారు. నోట్సు బాత్రూమ్‌లోకి వెళ్లి రాసుకునేవారు. 1970లో లాడ్ హంఫ్రీస్ పుస్తకం వచ్చాక గొడవ ఇంకా పెరిగింది. శృంగారం కోసం రహస్యంగా ఒకరినొకరు కలిసే మగవాళ్ల కార్ల నంబర్లు రాసుకుని, వాటితో ఇళ్లు వెతికి పట్టి, ఏడాది తర్వాత వేషం మార్చుకుని ఆరోగ్య సర్వే పేరుతో వాళ్ల గుమ్మాలెక్కాడు. అనుమతి, పేర్లు దాచడం లాంటి నియమాలు ఇప్పుడు అంత కఠినంగా ఉండటానికి ఇలాంటి పనులే కారణం. ఫోన్ జేబులో పెట్టి మాటలు రికార్డు చేసుకోవడం కూడా ఈ కోవలోకే వస్తుంది, ఎంత చిన్న టీ బడ్డీ అయినా సరే.

ఇక రాత. ఒక గంట చూసినదాన్ని పూర్తిగా రాయడానికి రెండు మూడు గంటలు పడుతుంది. అందుకే 180 గంటల్లో చూసే గంటలు 50 దాటితే రాత మిగిలిపోతుంది. అక్కడ రాసుకునేవి పొడిమాటలే: పిలుపు, సమయం, ఒకటో రెండో వాక్యాలు. ఆ రాత్రి నిద్రపోకముందే, ఇంకెవరితోనూ దాని గురించి కబుర్లు చెప్పకముందే వివరంగా రాయాలి. నోటితో ఒకసారి చెప్పేస్తే కథ చక్కబడిపోతుంది, రాతలోకి ఆ చక్కబడ్డ కథే వస్తుంది. పేజీని మూడు నిలువు గళ్లు చెయ్యాలి: కళ్లు చూసింది, చెవి విన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, తనకు అనిపించింది. 'కోపంగా అన్నాడు' అనేది మూడో గడి. 'గ్లాసు బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టాడు' అనేది మొదటి గడి. తన చిరాకూ మూడో గడిలోకే పోవాలి. మలినోవ్‌స్కీ సొంత డైరీ 1967లో బయటపడ్డాక, ఆ దీవుల జనం మీద ఆయన ఎంత విసుక్కున్నాడో లోకానికి తెలిసింది. విసుగు అందరికీ వస్తుంది, దానికో గడి కేటాయించాలి.

ప్రతులు రెండుంటే చాలదు, రెండు చోట్ల ఉండాలి. శ్రీనివాస్ 18 ఏళ్లు కూర్చుని సర్దుకున్న నోట్సు, 1970 ఏప్రిల్‌లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేసుకునే చోట ఎవరో నిప్పు పెడితే కాలిపోయింది. మూడు ప్రతులుండేవి, మూడూ ఒకే చోట. చివరికి ఎక్కువగా జ్ఞాపకం మీదే ఆధారపడి రాసిన పుస్తకం 1976లో వచ్చింది.

వేసవి ప్రాజెక్టుకు మాత్రమే ఉన్న ఒక లోపం ఈ తీరానిది. కళింగపట్నం, భావనపాడు వైపు మత్స్యకార గ్రామాలను ఎంచుకునే పిల్లలు మే నెలలో వెళ్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపల వేటకని గుజరాత్‌లోని వెరావల్ లాంటి చోట్లకు వలస పోయిన మగవాళ్లలోనూ కొందరు ఎండాకాలానికి ఇల్లు చేరతారు. ఊరు నిండుగా ఉంటుంది. చెట్ల కింద మగవాళ్లు పేకాడుతూ, వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు, గుమ్మంలో మాట్లాడేదీ వాళ్లే. నిర్ణయాలన్నీ మగవాళ్లవే అని రిపోర్టు తయారవుతుంది. వలస వెళ్లిన నెలల్లో అదే గుమ్మంలో అప్పుల వాడితో, బడి పంతులుతో, చేపల బేరగాడితో మాట్లాడేది ఆ ఇంటి ఆడమనిషి. అది చూడాలంటే అదే ఊరికి డిసెంబరులో ఇంకో వారం వెళ్లాలి.