గ్రీకు సమాధి శిల్పాలు: అపోహలు - వాస్తవాలు

నేను రాతి శిల్పాల కన్జర్వేషన్ పనిలో ఉన్నా కదా, ఏథెన్స్‌లోని కెరమైకోస్ శ్మశానం ఫొటోలు ఎవరికి చూపించినా అవే నాలుగు మాటలంటారు, అందుకే ఒకసారి రాసేస్తున్నా.

అపోహ: తెల్ల పాలరాయి అలాగే వదిలేయడం గ్రీకుల టేస్ట్.

కాదండీ బాబూ, రంగులు బాగానే వేసేవాళ్లు. క్రీ.పూ. 410-400 నాటి హెగెసో అనే ఆవిడ సమాధి శిల్పం చూడండి, కుర్చీలో కూర్చున్నావిడ దాసి పట్టుకున్న పెట్టెలోంచి ఏదో నగ తీసి చూస్తూ ఉంటుంది, చేతిలో చూస్తే ఏమీ ఉండదు! ఆ నగని చెక్కలేదు, రంగుతో వేశారు, అది కాస్తా ఎప్పుడో పోయింది. అరిస్టియాన్ అనే సైనికుడి సమాధి రాయి మీదైతే జుట్టుకీ గడ్డానికీ వేసిన ఎరుపు జాడలు మిగిలాయి. అందుకే పాత రాయి మీద మరక కనపడగానే బ్రష్ పెట్టి రుద్దేస్తామంటే నాకు ఒళ్లు మండుద్ది.

అపోహ: పోయినవాళ్ల పోలికే చెక్కించారు.

చాలావాటిలో లేదు. ఆంఫరెటె అనే ఆవిడ సమాధి రాయి మీద ఆవిడ ఒళ్లో పసిబిడ్డ ఉంటుంది, మొహం చూసి తల్లీబిడ్డా అనుకుంటాం, అంత పడుచుగా ఉంటుంది. పైన రాసింది చదివితే ఆవిడ అమ్మమ్మ! ఇది నా కూతురి బిడ్డ, బతికున్నప్పుడు ఇలాగే ఒళ్లో పెట్టుకునేదాన్ని, ఇప్పుడు ఇద్దరం పోయాక కూడా పట్టుకునే ఉన్నా అని ఆ పద్యం చెప్తుంది. నేనైతే ముందు అక్షరాలు చదివి తర్వాతే బొమ్మ చూస్తా.

అపోహ: రాయి ఉందంటే కింద శవం ఉన్నట్టే.

డెక్సిలియోస్ 20 ఏళ్ల కుర్రాడు, గుర్రపు దళంలో ఉండి క్రీ.పూ. 394లో కొరింత్ దగ్గర చనిపోయాడు. యుద్ధంలో పోయినవాళ్లందరికీ నగరమే కలిపి సమాధి కట్టింది, ఇంట్లోవాళ్లు మాత్రం వాళ్ల స్థలంలో విడిగా, కింద శవం లేకుండానే, అతని పేర రాయి నిలబెట్టుకున్నారు. పుట్టిన ఏడాది, పోయిన ఏడాది రెండూ దాని మీద రాయించారు, అది చాలా అరుదు.

అపోహ: శిల్పులు లేక ఈ సమాధి శిల్పాలు ఆగిపోయాయి.

ఆపింది చట్టం. క్రీ.పూ. 317-307 మధ్య ఏథెన్స్‌ని ఏలిన ఫలేరోన్ డెమెట్రియస్ సమాధుల మీద ఆర్భాటం వద్దని, మూడు మూరలకి మించని చిన్న స్తంభంలాంటివి చాలన్నాడు.

ఇంకోటి, సమాధి రాళ్ల మీద ఇద్దరు చేతులు కలుపుకున్న బొమ్మలన్నీ వీడ్కోలు కూడా కాదు, అందులో ఎవరు పోయారో, ఎవరు ఉన్నారో చాలాసార్లు తేలదు.

అన్నట్టు కెరమైకోస్ వెళ్లి హెగెసోతో సెల్ఫీ దిగేవాళ్లకి, అక్కడ ఆరుబయట ఉన్నది నకలు, అసలుది ఏథెన్స్ నేషనల్ ఆర్కియాలజికల్ మ్యూజియంలో ఉంది.