ఒక్క తీగ, ఒక్క మెట్టు

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున

చిట్టితల్లి సాహితికి, నందుగాడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో సాహితి ఏమందో గుర్తుందా? "పరీక్షలని మూడు నెలలు ముట్టుకోలేదు తాతయ్యా. ఇప్పుడు పట్టుకుంటే వేళ్ళు అన్నీ మర్చిపోయాయి. గిటార్ అమ్మేద్దాం అంటోంది అమ్మ." అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. ఫోను పెట్టేశాక పాట్ మార్టినో అనే జాజ్ గిటారిస్టు గుర్తొచ్చాడు. నీ మూడు నెలలకీ ఆయన కథకీ పోలిక లేదులే, బెంగపడకు. ఆయన మర్చిపోయింది గిటారొక్కదాన్నే కాదు, కన్నవాళ్ళ ముఖాలు కూడా. ఈ సంగతి ఎప్పుడో మీకు చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదో కూడా ఇందులోనే వస్తుంది.

అమెరికా తూర్పు తీరాన ఫిలడెల్ఫియా అనే ఊరుంది. అక్కడ 1944 ఆగస్టు 25న పుట్టాడు. ఇంటిపేరు అజారా. మార్టినో అన్నది పాటకచేరీల కోసం పెట్టుకున్న పేరు. తండ్రి మికీ అజారా క్లబ్బుల్లో పాడేవాడు, కొన్నాళ్ళు గిటార్ కూడా నేర్చుకున్నాడు. కొడుకుని వెంటబెట్టుకుని ఊళ్ళో మంచి వాయిద్యగాడు ఎక్కడ ఉంటే అక్కడికి తీసుకెళ్ళేవాడు. జాజ్ గిటార్‌లో మహామహుడు వెస్ మాంట్‌గోమరీ అంతటి వాణ్ణి పిల్లాడు అలాగే చూశాడు. పన్నెండో ఏట గిటార్ పట్టాడు. పదో తరగతిలో బడి మానేశాడు. (నందూ, ఈ వాక్యం మీ నాన్నకి చదివి వినిపించకు.)

డెనిస్ సాండోల్ అనే గురువు దగ్గర పాఠం చెప్పించుకునేవాడు. ఆ గురువు దగ్గరికే జాన్ కోల్ట్రేన్ కూడా వస్తుండేవాడు. శాక్సఫోన్‌లో ఆయన ఎంతటివాడంటే, మన సన్నాయికి షేక్ చినమౌలానా గారంతటివాడు. ఆ పెద్దమనిషి ఈ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వేడివేడి చాక్లెట్ పాలు ఇప్పించి, సంగీతం కబుర్లు చెప్పేవాడట. మార్టినో ముసలివాడయ్యాక కూడా ఈ ముచ్చట చెప్పుకునేవాడు.

ఇంతకీ జాజ్ అంటే ఏమిటని నందు అడిగాడు కదా. మీ అమ్మ పాడే కల్పనస్వరాలు విన్నారుగా? రాగం దాటకూడదు, తాళం తప్పకూడదు, ఆ రెంటి మధ్యా అప్పటికప్పుడు అల్లుకుపోవాలి, మళ్ళీ ఎత్తుగడకి వచ్చి వాలాలి. జాజ్‌లోనూ అంతే, కాకపోతే కాళ్ళ కింద నేల కదులుతూ ఉంటుంది. మనకి కచేరీ అంతా ఒకే శ్రుతి, తంబూరా మోగుతూనే ఉంటుంది. వాళ్ళకి రెండు లెక్కలకో నాలుగు లెక్కలకో కార్డ్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తి, మారిపోతుంది. మారిన ప్రతి కార్డ్‌కీ సరిపడే స్వరాలు పరుగు మీదే ఏరుకోవాలి. మార్టినో పరుగు ఎలా ఉండేదంటే, జోరువానలో చూరు నీళ్ళు కారినట్టు. ధార తెగదు.

పదిహేనేళ్ళు దాటీ దాటకముందే ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాడు, న్యూయార్క్ హార్లెంలో ఆర్గన్ వాయించేవాళ్ళ బృందాల్లో చేరాడు. 'ఎల్ హోంబ్రే' అని సొంత పేరు మీద మొదటి రికార్డు 1967లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది చేసిన ఇంకో రికార్డులో తబలా, తంబూరా పెట్టించుకున్నాడు. ఆ రోజుల్లో మన వాయిద్యాలంటే అక్కడివాళ్ళకి మోజు. నిజం చెప్పాలంటే ఆ తంబూరా నా చెవికి అలంకారంగానే వినిపించింది, గిటార్ మాత్రం ఎప్పటిలాగే అదిరింది.

చిన్నప్పటినుంచీ ఆయనకి ఫిట్స్ వస్తుండేవి. కారణం ఎవరికీ తెలియలేదు. 1976లో ఫ్రాన్స్‌లో కచేరీ మధ్యలో చేతులు ఆగిపోయి నిలబడిపోయాడు. తలనొప్పులు, ఫిట్స్ ఎక్కువైపోయాయి. డాక్టర్లు మనసు జబ్బనుకుని ఆస్పత్రిలో పెట్టి, కరెంటు షాకులు కూడా ఇచ్చారు. అసలు సంగతి వేరు. మెదడులో రక్తం తెచ్చే నాళాలూ తీసుకుపోయే నాళాలూ పుట్టుకతోనే ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఆ చిక్కుముడి చిట్లితే ప్రాణం మీదికి వస్తుంది. కచేరీలు మానుకుని లాస్ ఏంజెలెస్‌లో ఒక గిటార్ విద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో ఆ ముప్పు వచ్చింది. సమయం గంటల్లోనే ఉందన్నారు. ఆయన విమానమెక్కి అమ్మానాన్నల ఊరికి వచ్చేశాడు. 1980లో ఫిలడెల్ఫియాలో ఆపరేషన్ చేశారు. మెదడులో ఎడమ కణత వైపు భాగం చాలా మటుకు తీసేయాల్సి వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ళు తన తల్లిదండ్రులని ఎవరో చెబితే తెలిసింది.

ఇక్కడినుంచి అందరూ కథని గబగబా ముగించేస్తారు. తన పాత రికార్డులు తనే విని, తన దగ్గర తనే శిష్యరికం చేసి, మళ్ళీ గొప్ప వాయిద్యగాడయ్యాడని. వినడానికి బాగుంటుంది. కానీ ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నది అంత తీపిగా లేదు. ఇంటికి తెచ్చాక మేడ మీద గదిలో పడుకుని ఉండేవాడు. కింద తండ్రి ఆ రికార్డులు పెట్టేవాడు, కొడుకుకి అన్నీ గుర్తుకొస్తాయని ఆశ. ఆ పాట గోడల్లోంచి, నేలలోంచి పైకి వచ్చేది. తను మళ్ళీ ఆ పాత మనిషి కావాలని జనం ఆశపడుతున్నారు, ఆ మనిషెవరో తనకి తెలియదు. ఆ పాట ఆయనకి హింసగా ఉండేది.

ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి బాల్కనీలో కూర్చున్నాను. మీ నాన్న ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నేను చేసిందీ అదే. పోర్టులో పనిచేసే నా స్నేహితుడు ఓడవాళ్ళ దగ్గర కొన్న మార్టినో క్యాసెట్ ఒకటి నా దగ్గర ఉండేది. ఆఫీసు నుంచి వచ్చి, ఆర్కెస్ట్రా రిహార్సల్‌కి వెళ్ళేలోపు రోజూ అదే పెట్టేవాణ్ణి. "విను, విని నేర్చుకో. ఇలా వాయించాలి" అనేవాణ్ణి. వాడు మేడ మీదికి వెళ్ళి తలుపేసుకునేవాడు. ఏడాది తిరక్కుండా గిటార్ ముట్టడం మానేశాడు. మీకు మార్టినో పేరు ఇంతకాలం చెప్పకపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు కూడా రికార్డులు వినమని చెప్పట్లేదు.

మరి ఆయన చేతికి గిటార్ మళ్ళీ ఎలా వచ్చింది? దాన్నొక ఆటబొమ్మలా పట్టుకున్నాడు. నొప్పి, విసుగు, ఒంటరితనం మర్చిపోవడానికి ఏదో ఒకటి కావాలి. అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్న కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు గీసుకునేవాడు, అలాగే గిటార్ కూడా. వేళ్ళు ఒకచోట ఆనితే పక్కది తోచేది. అది తోస్తే దాని పక్కది. తన ఇంట్లోనే ఒక్కో గదికి ఒక్కో మెట్ల దారి దొరుకుతున్నట్టు, తనకి మాత్రమే తెలిసిన దొంగతలుపులు తెరుచుకుంటున్నట్టు ఉండేదని రాసుకున్నాడు. ఇక్కడ నాకు భలే ముచ్చటేసింది. గిటార్ మీద అడ్డంగా ఉండే కమ్మీలని మీరు ఫ్రెట్లు అంటారు. వీణకైతే మనవాళ్ళు మెట్లు అనే అంటారు, ఇరవైనాలుగు మెట్లు. ఆయనకి వీణ సంగతి తెలుసో లేదో గానీ, మాట మాత్రం మన మాటే.

ఇంకో సంగతి. ఆపరేషన్‌కి ముందే ఆయన పాఠాలు చెప్పేవాడు కదా, ఆ పాఠం తీరు చూస్తే వేళ్ళకి దారి ఎందుకు దొరికిందో నాకు కొంత అర్థమైంది. సంగీత శాస్త్రమంతా పియానో ముందు కూర్చుని రాసింది, గిటార్‌కి దాని సొంత లెక్క ఉంది, దాన్ని దాని మీదే చూడాలి అనేవాడు. మాటలెందుకు, గిటార్ తీసుకోండి.

సన్నవైపు నాలుగు తీగలు చాలు. నాలుగో తీగ మీద ఒకటో మెట్టు, మూడో తీగ మీద రెండు, రెండో తీగ మీద ఒకటి, ఒకటో తీగ మీద రెండు. నాలుగు వేళ్ళూ పట్టి మీటండి. తలుపు సందులో ఎవరో నక్కినట్టు భయంభయంగా మోగుతుంది. పాత సినిమాల్లో దెయ్యం వచ్చేముందు వేసేది ఇదే. దీన్ని డిమినిష్డ్ అంటారు. ఇందులో నాలుగు స్వరాలూ వరసగా పేర్చితే ఒకదానికొకటి సరిగ్గా మూడేసి మెట్ల దూరం. అందుకే దీనికి పెద్దా చిన్నా లేదు, నాలుగూ సమానం. ఎవరు రాజో తేలదు.

ఇప్పుడు నాలుగో తీగ మీది వేలు ఒక్కటి ఎత్తేయండి. అంటే ఆ స్వరం ఒక్క మెట్టు దిగింది. మీటండి. సాహితీ, అది నీకు వచ్చిన డి సెవెనే కదూ! మళ్ళీ మొదటిలా పట్టి, ఈసారి మూడో తీగ మీది వేలు రెండు నుంచి ఒకటికి జరపండి. ఎ-ఫ్లాట్ సెవెన్ అవుతుంది. నాలుగు తీగల్లో ఏది ఒక్క మెట్టు దిగితే అదే రాజవుతుంది. ఇలా ఒక్క పట్టులోంచి నాలుగు సెవెన్త్ కార్డులు. ఆ పట్టు మొత్తాన్ని ఒక మెట్టు జరిపితే ఇంకో నాలుగు, మళ్ళీ జరిపితే ఇంకో నాలుగు. ఈ రకం సెవెన్త్‌లు లోకంలో ఉన్నవి పన్నెండే. మూడు పట్టుల్లో అయిపోయాయి. నేను ఆర్కెస్ట్రాలో పెళ్ళిళ్ళకీ వినాయకచవితి పందిళ్ళకీ పాతికేళ్ళు వాయించాను. ఈ పన్నెండూ పన్నెండు వేరువేరు బొమ్మలుగా బట్టీపట్టాను. ఇది తెలిసినరోజు నామీద నాకే కోపమొచ్చింది.

ఒంటరి స్వరాలు వాయించడానికి కూడా ఆయనకి ఇలాంటి కిటుకే ఉంది. ప్రతి కార్డ్‌నీ ఒక మైనర్‌గా, అంటే కాస్త దిగులుగా మోగే రకం కార్డ్‌గా, మార్చుకుని చూస్తాడు. జి సెవెన్ వస్తే డి మైనర్ అనుకుని వాయిస్తాడు, సి మేజర్ వస్తే ఎ మైనర్ అనుకుంటాడు. తెలిసిన ఒక్క వీధిలో నడుస్తూనే ఊరంతా తిరిగి వస్తాడన్నమాట. ఇది మీకు ఇప్పుడే వద్దు. తర్వాత చూద్దాం.

అన్నీ ఇంత తేటగా చెప్పాడనుకోకండి. నక్షత్రాల బొమ్మలు గీస్తాడు, చైనావాళ్ళ ప్రాచీన జోస్యపు గీతలు తెచ్చి గిటార్‌కి కలుపుతాడు, ఎదుటివాడు బిక్కమొహం వేసినా ఆగడు. ఆ భాగం నేను మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాను. అక్కర్లేదని కూడా నా అభిప్రాయం.

1987లో న్యూయార్క్‌లో ఒక క్లబ్బులో వాయించినది రికార్డుగా వచ్చింది, పేరు 'ది రిటర్న్'. బాస్, డ్రమ్స్, ఈయన, అంతే ముగ్గురు. తర్వాత అమ్మానాన్నలు జబ్బుపడితే మళ్ళీ ఆగిపోయాడు. 1994లో మళ్ళీ మొదలు. ఆ పైన పాతికేళ్ళు దేశదేశాలు తిరిగాడు, తల్లిదండ్రుల ఆ ఇంట్లోనే ఉంటూ వచ్చినవాళ్ళకి పాఠం చెప్పాడు. 2018లో ఊపిరితిత్తులు మొరాయించి వాయించడం ఆపేశాడు. 2021 నవంబరు 1న పోయాడు, డెబ్బై ఏడేళ్ళు.

సాహితీ, ఒకటో తీగ తుప్పుపట్టిందన్నావు కదా, కొత్త సెట్టు పార్శిల్లో పంపుతున్నాను. సన్నవే కొన్నాను. మార్టినో చాలా లావు తీగలు వాడేవాడు గానీ అవి నీ వేళ్ళకి కాదు.

డిమినిష్డ్ పట్టులో రెండో తీగ దింపితే ఏమొస్తుందో, ఒకటో తీగ దింపితే ఏమొస్తుందో నేను కావాలనే రాయలేదు. నందు పేర్లు కనిపెట్టాలి, నువ్వు మోగించాలి. గురువారం రాత్రి ఫోను చేస్తాను, వినిపించండి. చిక్కుపడితే నెట్‌లో వెతక్కండి, మీ నాన్నని అడగండి. ఆ రెంటిలో ఒకటి వాడికి బాగా వచ్చేది. చిటికెనవేలు కాస్త వంకరగా పెట్టి పట్టేవాడు, నేను సరిచేయబోతే ఊరుకునేవాడు కాదు. ఇప్పుడు ఎలా పట్టినా ఏమీ అననని చెప్పండి.

మీ
తాతయ్య